స్టీరింగులో మూడంగుళాలు

జూన్ 2, సోమవారం

ఈ డైరీ కంపెనీ ఇచ్చింది. జనవరిలో స్వీటు డబ్బాతో పాటు చేతిలో పెట్టారు. ప్రతి పేజీ పైనా ఒక మంచిమాట అచ్చు వేశారు. ఈ రోజుది: ‘ప్రతి ఉద్యోగీ మా కుటుంబ సభ్యుడే.’ మే పద్నాలుగున ఆ కుటుంబంలో పదకొండు మందిని గేటు బయట నిలబెట్టారు. నేను ఏడోవాణ్ణి.

పంతొమ్మిదేళ్లు స్టీరింగు భాగాలు కొలిచాను. వెంట్రుక మందంలో పదోవంతు తేడా ఉన్నా పట్టి పక్కన పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ బల్ల దగ్గర కెమెరా పెట్టారు. దానికి టీ అక్కర్లేదు, పండక్కి సెలవు అడగదు. ఐడీ కార్డు తిరిగి ఇమ్మన్నారు, ఇచ్చాను. నా కొలత గడియారం, అదే డయల్ గేజి, మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు. లంచ్ బాక్సులో పెట్టుకుని వచ్చేశాను.

నా భార్య హరిణి ఏడింటికి క్యాబ్ ఎక్కి బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసుకు వెళ్లింది. వెళ్తూ, "ఇంట్లో కూర్చుని గోడలు కొలవొద్దు. ఊరికి పోయి మీ అన్నకు ఏమన్నా సాయం చెయ్యండి" అంది. ఎగతాళిగా అనలేదు. అదే ఎక్కువ మండింది.

జూన్ 4, బుధవారం

ఊరికి పోయొచ్చాను. ఒకప్పుడు హొసకోటెకు మూడు మైళ్లు. ఇప్పుడు హొసకోటే ఆ మూడు మైళ్లూ నడిచి ఊళ్లోకి వచ్చేసింది. ఎటు చూసినా ఇళ్ల స్థలాల లేఅవుట్ బోర్డులు. నడుమ అన్న రెండెకరాలు: ఒకటి రాగులకు, ఒకటి కొత్తిమీరకూ పుదీనాకూ.

నీలం ట్రాక్టరు ఇంకా ఉంది. నా ఎనిమిదో తరగతిలో వచ్చింది, అప్పటికే ఎవరో వాడి వదిలేసిన బండి. ఎక్కి కూర్చుని స్టీరింగు తిప్పాను. చక్రాలు కదలడానికి ముందు అంచు దగ్గర మూడంగుళాలు ఉత్తగా తిరుగుతోంది! కొలిచాను కూడా. ఒకటుంటే పాత బండి కదా అని సరిపెట్టుకోవచ్చు. మూడంగుళాలంటే బాల్ జాయింట్లు అరిగిపోయాయి, ముందు చక్రాల బుష్షులు అరిగిపోయాయి, స్టీరింగు పెట్టె లోపల కూడా వదులైంది. ఇదంతా అన్నకు హోటలు దగ్గర చెప్పాను. అదే నా పొరపాటు. అక్కడ నలుగురున్నారు.

అన్న టీ ఊదుకుంటూ విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "ఏమప్పా శశీ, ఫ్యాక్టరీవాళ్లు నిన్నే కొలిచి పక్కన పెట్టిరి. నువ్వొచ్చి నా బండిని కొలుస్తావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు, నా వీపు మీద తట్టాడు. "ముప్పై ఏండ్లుగా నా చేతిలో ఉండాది అది. ఎంత తిప్పితే ఎంత తిరుగుతాదో నాకు తెలుసు. సుమ్మనే లేనిపోని తలనొప్పి పెట్టుకోవద్దు" అన్నాడు.

నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను.

జూన్ 5

కొలిచి పక్కన పెట్టిరి.

జూన్ 7, శనివారం

అన్నా వదినా చింతామణికి పెళ్లికి పోతున్నారు. వదిన పుట్టింటి వైపు పెళ్లి, నాలుగు రోజులు. బుధవారం సాయంత్రానికి వస్తారట. ఇల్లూ ఆవూ పక్కింటివాళ్లు చూసుకుంటారు. బండి ముందు టైరు గాలి దిగుతోంది, అది చూడమనీ, ఇరుసుకు గ్రీసు కొట్టమనీ అన్న నాకు ఒప్పజెప్పాడు. బస్సు ఎక్కుతూ కిటికీలోంచి, "గ్రీసు కొట్టు, చాలు. స్టీరింగు జోలికి పోవద్దు" అన్నాడు.

వదిన పక్కనుంచి తల బయటపెట్టి, "డబ్బాలో చెనిక్కాయ బెల్లం ఉంటలు ఉండాయి, తినప్పా" అంది.

నన్ను పెంచింది వదినే. అమ్మ పోయిన ఏడాదికి ఆమె ఇంటికొచ్చింది. నా డిప్లొమా మొత్తం ఆమె కొత్తిమీర కట్టలు మోసినదే. ఆ మాట ఆమె ఒక్కనాడూ అనలేదు.

జూన్ 8, ఆదివారం

ముందు ఇరుసు జాకీ మీద లేపి చక్రం పట్టుకుని ఊపాను. పాత పన్ను ఊగినట్టు ఊగింది. గ్రీసు కొట్టి వదిలేద్దామనే అనుకున్నాను. చూశాక వదలడం మనస్సాక్షి ఒప్పుకోలేదు. ఏ మెకానిక్కయినా ఒప్పుకోడు.

బాల్ జాయింట్లు నాలుగూ విప్పి, సంచిలో వేసుకుని, హొసకోటెలో పాపయ్య షెడ్డుకు పోయాను. పాత మద్రాసు రోడ్డు మీద నలభై ఏళ్లుగా ట్రాక్టర్లే చూస్తున్నాడాయన. ఒక జాయింటు చేతిలో పట్టుకుని గుండు ఊపి చూశాడు. "ఇది జారిపోయేదానికి రెడీగా ఉండాది. దేవుడి మీద భారమేసి తోల్తాండాడా మీ అన్న ఓబళప్ప?" అన్నాడు.

అంటే నాదే రైటు. అన్నది కాదు, నాది.

జూన్ 9

కొత్త బుష్షులు పాపయ్య దగ్గరే ఎక్కించి, లోపలి గోడ కొలతకు సాపు చేయించాను. కొత్త జాయింట్లు తెచ్చాను. స్టీరింగు పెట్టె విప్పి రేకులు సర్ది బిగించాను. వంచిన నడుము ఎత్తకుండా పని చేశాను, ఆకలి గుర్తు రాలేదు. మే పద్నాలుగు తరవాత ఇలాంటి రోజు ఇదే మొదటిది.

జూన్ 10, మంగళవారం

అయిపోయింది. స్టీరింగు అంచు దగ్గర ఖాళీ: అరంగుళం కూడా లేదు. మూడుసార్లు కొలిచాను.

పాపయ్యకు పానాలు తిరిగివ్వడానికి పోతే నిమ్మకాయ ఒకటి చేతిలో పెట్టాడు. "బండి ఇచ్చేటప్పుడు చక్రం కింద పెట్టి తొక్కించు. మొదటి చుట్టు డ్రైవరు పక్కన నువ్వు కూర్చోవాల. పని చేసినోడు పక్కన కూర్చోకుండా బండి ఇయ్యకూడదు. మా షెడ్డులో అదే పద్ధతి" అన్నాడు.

సరేనన్నాను. ఇంటికొచ్చి ఆ నిమ్మకాయ మజ్జిగలో పిండుకుని తాగాను. పంతొమ్మిదేళ్లు నేను పాస్ చేసిన సరుకు ఏదీ నిమ్మకాయ తొక్కి పోలేదు.

బండి వెనక్కి తీసి, రోడ్డు వైపు మొహం పెట్టి, గేటు బయట తిన్నగా నిలబెట్టాను. ట్రాలీ కూడా తగిలించాను. అన్న ఎక్కి తాళం తిప్పితే చాలు. అన్నకు చెప్పను. తనంతట తానే ఎక్కి, తిప్పి, ఒక్క క్షణం ఆగి, నా వైపు చూడాలి. నాకు కావలసింది అంతే.

జూన్ 11

వచ్చారు. అన్న "గ్రీసు కొట్టినావా?" అన్నాడు. కొట్టానన్నాను. అబద్ధం కాదు, గ్రీసు కూడా కొట్టాను. రాత్రి ఇక్కడే పడుకుంటున్నాను. రేపు పొద్దున కొత్తిమీర కోతకు పోతారు.

జూన్ 12

రాయలేను.

జూన్ 14, శనివారం

రాయాలి.

గురువారం పొద్దున ఏడు గంటలు. ఇంటి ముందునుంచి మోరీ దాకా రోడ్డు రెండొందల గజాలు తిన్నగా ఉంటుంది. కాలువ మీద చిన్న వంతెనలాంటి మోరీ, దాటగానే చేలకు ఎడమ మలుపు. అన్న సీట్లో కూర్చున్నాడు. వదిన ఎప్పట్లాగే ఎడమ మడ్‌గార్డు మీద, ఒళ్లో ఖాళీ గంపలు. ఎక్కే ముందు నన్ను ఏదో అడిగింది. ఏమని అడిగిందో గుర్తు లేదు.

నేను గేటు దగ్గర నిలబడ్డాను. అన్న వెనక్కి తిరిగి చూస్తాడని.

పాత స్టీరింగుకు మోరీ మలుపు తిరగాలంటే ముందునుంచే తిప్పుతూ పోవాలి. మొదటి మూడంగుళాలు ఉత్తదే కదా. ముప్పై ఏళ్లుగా అన్న చేతులు మోరీ రాకముందే తిప్పడం మొదలుపెడతాయి. అది ఆలోచించి చేసే పని కాదు, అన్నం ముద్ద నోటికి పోయినట్టు చేతులు పోతాయి. ఆ రోజూ అలాగే పోయాయి. కాకపోతే చక్రాలు ఆ క్షణమే తిరిగాయి. మోరీ ఇంకా రాలేదు. ఎడమ చక్రం మోరీ రాయి పక్కనుంచి కాలువలోకి దిగింది. బండి ఎడమకు ఒరిగింది. వదిన పడింది. ఆమె కాలు మడ్‌గార్డుకూ రాయికీ మధ్య ఇరుక్కుంది.

కేక పెట్టలేదు. "గంపలు, గంపలు" అంది.

నేను చేసింది తప్పు పని కాదు. ఆ జాయింటు ఎప్పటికైనా జారేదే. పాపయ్య చెప్పాడు.

జూన్ 17, మంగళవారం

మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, మోకాలి చిప్ప కూడా పోయింది. రాడ్డు వేశారు. నడవగలదట, కానీ మోకాలు పూర్తిగా మడవదట. డాక్టరు చెప్పేటప్పుడు గది బయట నేనూ అన్నా ఉన్నాం. "ఇక కింద గొంతుక్కూర్చోవడం కష్టం" అన్నాడాయన, అదేదో చిన్న విషయమన్నట్టు. కొత్తిమీర గొంతుక్కూర్చుని కోస్తారు. పాలు గొంతుక్కూర్చుని పితుకుతారు. వదిన రోజంతా గొంతుక్కూర్చునే ఉంటుంది. ఆయనకు ఎలా తెలుస్తుంది.

చూడ్డానికి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే పాట. పాత బండి, స్టీరింగు పట్టు తప్పి ఉంటుంది, ఎప్పుడో ఇనుముకు వెయ్యాల్సింది. ప్రతి ఒక్కడికీ ‘ఇప్పుడే ఆ స్టీరింగు పట్టుగా ఉంది’ అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత జరిగాక కూడా నాకు నా పని మీదే ధ్యాస. ఛీ.

అన్న మాత్రం బండిని అనలేదు. "బండిది ఏమీ లేదు. నేనే ముందే తిప్పేస్తి" అన్నాడు. మళ్లీ మళ్లీ అదే. "ముప్పై ఏండ్లు తిప్పిన మలుపు. ముందే తిప్పేస్తి."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. అక్కడ జనం ఎక్కువ ఉన్నారు. వదినకు మత్తు దిగుతోంది. అది చెప్పే చోటు కాదు.

వదిన ఎక్కే ముందు ఏమడిగిందో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

జూన్ 21

పాపయ్య ఫోను చేశాడు. సంగతి విన్నాడట. "నిమ్మకాయ తొక్కించినావా శశీ?" అన్నాడు.

"ఆఁ."

"ఓబళప్ప పక్కన కూర్చుంటివా?"

"ఆఁ."

పెట్టేశాడు. నమ్మాడో లేదో తెలీదు. నమ్మకుండా ఆయన చేసేదేముంది.

జూన్ 22

పాపయ్య అసలు అడిగింది నిమ్మకాయ గురించి కాదు. ఇప్పుడు అర్థమైంది. నిమ్మకాయ దేవుడికి, పక్క సీటు డ్రైవరుకు. డ్రైవరు చేతులకు బండి మళ్లీ కొత్తగా పరిచయం కావాలి. చదువుకున్నవాణ్ణి, నాకే తెలియలేదు.

తెలిసినా కూర్చునేవాణ్ణా? అన్న నా వైపు తిరిగి చూడాలి కదా. పక్కన కూర్చుంటే ఎలా చూస్తాడు.

జూన్ 29, ఆదివారం

వాన పడింది. రాగులు వెయ్యాలి, దుక్కి తరవాయి ఉంది. అన్న బండి ఎక్కనన్నాడు. కాలువలోంచి తీయించి నాలుగు రోజులు చూసుకున్నా, ముందు బంపరు వంగడం తప్ప బండికి ఏమీ కాలేదు. పక్క ఊరి బసవరాజును పిలిచాం. కూలికి ట్రాక్టర్లు తోలేవాడు, చేతికి దొరికిన బండినల్లా తోలతాడు.

రెండు చాళ్లు దున్ని దిగొచ్చాడు. నేనూ అన్నా గట్టు మీద నిలబడి ఉన్నాం. "ఓబళప్పన్నా, ఈ పాత కాలం బండికి ఇంత మంచి స్టీరింగు నేను చూడలేదు. వేలు పెడితే తిరుగుతాది. ఎవురు చేసినారు?" అన్నాడు.

సిగ్గు విడిచి రాస్తున్నాను: నాకు సంతోషం వేసింది. గుండె నిండినట్టయింది. పంతొమ్మిదేళ్లలో నా పనిని ఒక డ్రైవరు మెచ్చుకోగా నేను విన్నది ఇదే మొదటిసారి.

అన్న నా వైపు తిరిగాడు. చూడు, చివరికి తిరిగాడు! "గ్రీసు కొట్టినందుకే అంత బాగైందా శశీ?" అన్నాడు.

ఒక్క మాట చాలు. లేదన్నా, నేను మార్చాను, నీ చేతులది తప్పు కాదు. ఇంతకంటే పెద్ద వాక్యం కాదు.

"ఊఁ" అన్నాను.

అన్న తలూపి గట్టు దిగిపోయాడు. పోతూ బసవరాజుతో, "అట్లయితే నా చేతులే పోయినాయి, అప్పా" అన్నాడు.

జూలై 3, గురువారం

మా అన్నకు యాభై ఎనిమిది. ఈ ఇరవై రోజుల్లో డెబ్భై అయ్యాడు.

మోపెడ్ ఎక్కడం మానేశాడు. హొసకోటెకు కొత్తిమీర ఆటోలో పంపుతున్నాడు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. వదినకు మందు గ్లాసులో పోయమంటే, "నువ్వే పొయ్యి శశీ, నా చేతుల మీద నమ్మకం లేదు" అంటున్నాడు. వదిన మంచం మీంచి, "చేతులకేమైందండీ? నిన్న ఆవుకు పగ్గం ముడి ఎవరు వేసినారు?" అని దెప్పుతుంది. ఆయన నవ్వడు.

నేను రోజూ పోతున్నాను. పాలు పితుకుతున్నాను, కొత్తిమీర కోయిస్తున్నాను, వదినకు వాకరు తెచ్చి నడిపిస్తున్నాను. అన్న కోసం ఇంత చేస్తున్నాను. హరిణి కూడా "మీరు మారిపోయారు" అంది. మంచిగానే అంది.

జూలై 8

అన్న బండి అమ్మేస్తాడట. ఆదివారం మాలూరునుంచి ఎవరో వస్తున్నారు. బండి పోతే ఆ రెండెకరాలు కూడా పోతాయి. కూలి ట్రాక్టరుతో ఎన్నాళ్లు. లేఅవుటు వాళ్లు ఇప్పటికే రెండుసార్లు వచ్చి వదినకు ఆపిల్ పళ్లు ఇచ్చి పోయారు.

ఆపాలి. దారి దొరికింది. చెప్పకుండానే ఆపొచ్చు.

జూలై 12, శనివారం

అన్నా వదినా చూపించుకోవడానికి ఆసుపత్రికి పోయారు. నేను రానన్నాను, పనుందన్నాను.

పాత బాల్ జాయింట్లు నా మంచం కింద బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. తెచ్చాను. కొత్తవి విప్పి పాతవి ఎక్కించాను. స్టీరింగు పెట్టె వదులు చేశాను. బుష్షులు ఊడదీయలేదు, వాటి వల్ల వచ్చే తేడా తక్కువ. కొలిచాను. రెండున్నర అంగుళాలు. మరో పావు వదులు చేశాను. మూడు.

పంతొమ్మిదేళ్లలో సరిగ్గా ఉన్నదాన్ని నా చేత్తో పాడు చేసింది ఈ రోజే. కొలత మాత్రం కరెక్టుగా వచ్చింది.

జారిపోయే జాయింటు కదా అనుకుంటున్నావా? రోడ్డు మీదికి పోనివ్వను. పెరట్లో ఒక్క చుట్టు. అన్న ఎక్కి తిప్పితే చేతులు గుర్తుపడతాయి. చేతులు బాగున్నాయని తెలుస్తుంది. అమ్మడు. తరవాత మెల్లగా కొత్తవి మళ్లీ వేస్తాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

జూలై 13, ఆదివారం

మాలూరువాడు పదకొండుకు వస్తానన్నాడు. తొమ్మిదింటికే అన్నను పట్టుకున్నాను. అమ్మేముందు ఒక్కసారి పెరట్లో తిప్పన్నా, ఆఖరుసారి అన్నాను. ఒద్దన్నాడు. వదిన లోపలినుంచి, "ఎక్కండి, ఏమైతాది! ఒట్టి పెరడే కదా" అంది.

ఎక్కాడు. స్టార్టు చేశాడు. స్టీరింగు మీద చేతులు పెట్టి కొంచెం తిప్పాడు.

చక్రం కదల్లేదు. ఉత్తగా తిరిగింది.

అన్న ఆగిపోయాడు. మళ్లీ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. లోపల పాత జాయింటు టక్కుమంది. ఇంజను ఆడుతూనే ఉంది. ఆయన చేతులవైపు చూసుకున్నాడు. తరవాత గేరు వేశాడు. పెరట్లో ఒక చుట్టు కొట్టాడు. గడ్డివామికీ నీళ్ల తొట్టికీ మధ్య, అటూ ఇటూ అరగజం కూడా మిగలని సందులోంచి ట్రాలీతో సహా వెనక్కి తీశాడు, ఎక్కడా తాకలేదు. ఆ సందులోంచి బసవరాజు కూడా తీయలేడు. ఇంజను ఆపాడు.

నేను నవ్వుతూ దగ్గరికి పోయాను. "చూసినావా అన్నా, నీ చేతులు—"

"పాతవి ఏడ పెట్టుంటివి?" అన్నాడు.

నా నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "మంచం కింద. డబ్బాలో."

"ఎన్ని దినాలు?"

అన్నే లెక్క వేశాడు. "ముప్పై ఒక్క దినం" అన్నాడు. "ముప్పై ఒక్క దినం నేను నా చేతులు చూసుకుంటా కూర్చుంటి. గ్లాసు పట్టుకోవాలంటే భయం. మీ వదిన అంజిని మొగం చూడాలంటే భయం. నువ్వు దినామూ వచ్చి ఎదురుగా కూర్చుని చూస్తావుంటివి."

"జాయింటు జారిపోయేదన్నా. పాపయ్యను అడుగు. మార్చడం తప్పు కాదు."

"మార్చడం తప్పని ఎవురన్నారు? మార్చినానని ఒక మాట చెప్పుంటే, మెల్లగా తోలుకుంటా పోయుంటి కదప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. నేను చిన్నప్పుడు పెన్సిలు దొంగిలిస్తే ఆ చేత్తోనే కొట్టాడు.

లోపలినుంచి వదిన, "బండి బాగుండాదా?" అని కేకేసింది.

"బాగుండాది" అన్నాడు అన్న. "అంజినీ, నా చేతులకు ఏమీ కాలేదు."

"నేను చెప్పలా? మరి ఆ పొద్దు ఏమైనట్లు?"

అన్న నావైపు చూశాడు. "పాత బండి కదా" అన్నాడు.

మాలూరువాడికి ఫోను చేసి రావద్దన్నాడు. తరవాత నాతో, నా మొహం చూడకుండా, "ఈ చెడినవి పీకేసి కొత్తవి మళ్లా ఎక్కించు. మంగళవారం పొద్దున నిమ్మకాయ నేను తెస్తా. అంజిని కూర్చునే చోట నువ్వు కూర్చో. మోరీ దాకా పోదాం" అన్నాడు.

కొన్ని అడుగులు వేసి ఆగి, "మీ వదినకు నేను చెప్పను. నువ్వే చెప్పాల" అన్నాడు.

జూలై 15, మంగళవారం

ఏడింటికి. నిమ్మకాయ చక్రం కింద చితికింది. ఎడమ మడ్‌గార్డు మీద కూర్చున్నాను. పట్టుకోవడానికి ఏమీ లేదు అక్కడ, ఒక ఇనుప కమ్మీ తప్ప. ముప్పై ఏళ్లు వదిన దేన్ని పట్టుకుని కూర్చుందో ఈ రోజు తెలిసింది.

మోరీకి పది గజాల ముందు అన్న చేతులు వాటంతట అవే ఎడమకు పోయాయి. బండి ఒరగబోయింది. నేను కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాను. అన్న తక్షణం సర్దుకుని ఆపాడు. నా వైపు చూడలేదు. వెనక్కి తీసి మళ్లీ వచ్చాడు. రెండోసారి కూడా ముందే తిప్పాడు, తక్కువ. మూడోసారి ఆలస్యంగా తిప్పాడు. నాలుగోసారి సరిపోయింది. అయిదోసారి చూడకుండానే తిప్పాడు.

అయిదు చుట్లు. అరగంట కూడా పట్టలేదు.

సాయంత్రం వదిన దగ్గరికి పోయాను. మంచం మీద కూర్చుని, కాలు స్టూలు మీద చాపుకుని, ఒళ్లో కొత్తిమీర పరుచుకుని కట్టలు కడుతోంది. కోయలేదు కదా, కట్టైనా కడుతోంది. అంతా చెప్పాను. జాయింట్లు, బుష్షులు, పెట్టె, కొలతలు కూడా చెప్పాను. కొలతలు ఎందుకు చెప్పానో నాకే తెలీదు. పాపయ్య ఇచ్చిన నిమ్మకాయ మజ్జిగలో పిండుకోవడం కూడా చెప్పాను.

ఆమె కట్ట కట్టడం ఆపలేదు. అయిపోయాక నార కొరికి తెంపి, కట్ట పక్కన పెట్టి, మెల్లగా అంది.

"ఆ పొద్దు నీ మొగం వెలుగుతావుండె. అందుకే అడిగితి కదా శశీ. బండిని ఏమన్నా చేసినావా, నేను ఎక్కొచ్చునా అని."

ఒళ్లోంచి జారిన కాడ ఒకటి ఏరి మళ్లీ ఒళ్లో వేసుకుంది.

"‘ఏమీ లేదు వదినా, ఎక్కు’ అంటివి."

ఇంకో కట్ట కోసం ఆకు తీసుకుంది. నన్ను పొమ్మనలేదు. తిని పొమ్మని కూడా అనలేదు. ఆ ఇంట్లో తినకుండా రావడం నా జన్మలో ఇదే మొదలు.

గుర్తు లేదని ఈ డైరీలో రెండు చోట్ల రాశాను. గుర్తుంది. నా భుజం పట్టుకునే ఎక్కింది.